ఏకకణ శైవలంలో హరితరేణువు ఆకారం మారడాన్ని మైక్రోస్కోప్ కింద చూడటం ఎలా

పాఠ్యపుస్తకంలోని క్లామిడోమోనాస్ బొమ్మను మనలో చాలామంది గీసే ఉంటాం. కోడిగుడ్డు ఆకారంలో ఒక కణం, ముందువైపు ఈదడానికి వాడే తోకల్లాంటి రెండు కశాభాలు, లోపల ఆకుపచ్చ గిన్నెలాంటి హరితరేణువు, గిన్నె అడుగున పైరినాయిడ్ అనే గుండ్రటి భాగం. బొమ్మ సరైనదే. కాకపోతే ఆ కణం జీవితంలో అది ఒక పూట మాత్రమే. అదే గిన్నె పుట్టినప్పుడు చిన్నగా ఉంటుంది, వెలుగు ఉన్నంతసేపూ పెరుగుతుంది, చీకటి పడ్డాక రెండుగా, నాలుగుగా చీలుతుంది. నత్రజని దొరక్కపోతే పాలిపోతుంది. ఒక్కోసారి ఇంకో కణం గిన్నెతో కలిసి ఒకటైపోతుంది. ఇదంతా మామూలు మైక్రోస్కోప్‌తో, కొంచెం ఓపికతో చూడొచ్చు. ఎలాగో చెప్తాను.

ముందే ఒక మాట. ఈ పనిలో కష్టం మార్పును చూడటంలో లేదు. కనిపించినది నిజంగా మార్పేనా, లేక కణం పక్కకు తిరిగిందా అని తేల్చుకోవడంలో ఉంది. కొత్తలో నేను ఉంగరంలాంటి హరితరేణువులున్న కణాలు చూసి, ఇది కొత్త దశ అనుకుని రెండు పేజీల నోట్సు రాసుకున్నాను. ఫోకస్ మరలను కొద్దిగా తిప్పితే ఆ ఉంగరాలన్నీ గిన్నెలే అని తేలింది. గిన్నెను మూతి వైపు నుంచి చూస్తే ఉంగరంలాగే కనబడుతుంది కదా. అందుకే కింద చెప్పే పద్ధతిలో సగం ఆ పొరపాటు జరక్కుండా చూసుకోవడమే.

ఏ శైవలంతో మొదలుపెట్టాలి

క్లామిడోమోనాస్ రైన్‌హార్టియైతో మొదలుపెట్టండి. కణం పొడవు సుమారు 10 మైక్రాన్లు. కణానికి ఒక్కటే హరితరేణువు, అది కణంలో దాదాపు సగం చోటు ఆక్రమిస్తుంది. ఒక్కటే ఉండటం పెద్ద సౌకర్యం. ఏది ఎటు పోయిందో వెతుక్కునే పని ఉండదు. క్లోరెల్లా చాలా సులువుగా పెరుగుతుంది, కానీ కణం మరీ చిన్నది, లోపలి ఆకారం తేల్చడానికి కళ్లు నొప్పెడతాయి. మొదటి అనుభవానికి అది వద్దు.

కుంట నీటిలోనూ క్లామిడోమోనాస్ జాతులు దొరుకుతాయి. ఒకసారి చూసి ఆనందించడానికి అవి చాలు. జీవితచక్రం మొత్తం చూడాలంటే మాత్రం శుద్ధమైన కల్చర్ కావాలి. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఉన్న క్లామిడోమోనాస్ రిసోర్స్ సెంటర్‌లో ఎక్కువమంది వాడే రకాలు సీసీ-125, సీసీ-124. మొదటిది ప్లస్ లైంగిక రకం, రెండోది మైనస్. చివర్లో జతకట్టడం చూడాలనుకుంటే రెండూ ఉండాలి, కాబట్టి మొదటినుంచే రెండు వేర్వేరు సీసాల్లో పెంచండి.

ఇక్కడ చాలామంది బోల్తా పడే విషయం ఒకటుంది. ఈ రెండు రకాలకూ నైట్రేట్‌ను వాడుకునే జన్యువులు పనిచేయవు. శైవలాల పెంపకంలో బాగా ప్రసిద్ధమైన బోల్డ్స్ బేసల్ మీడియంలో (మీడియం అంటే కణాలను పెంచే ద్రావణం) నత్రజని నైట్రేట్ రూపంలోనే ఉంటుంది. అందులో వేస్తే ఇవి ఆకలితో పాలిపోతాయి. అప్పుడు మీరు చూసేది నత్రజని కరువులో ఉన్న హరితరేణువు. అమ్మోనియం ఉన్న మీడియం వాడండి.

మరో జాగ్రత్త. ట్యాప్ (TAP) అని పిలిచే మీడియంలో ఎసిటేట్ అనే సేంద్రియ ఆహారం ఉంటుంది. అందులో కణాలు చీకట్లో కూడా తిని పెరుగుతాయి. రోజువారీ సాగుకు అది చాలా మంచిది. కానీ కణాలన్నీ ఒకే వేళకు ఒకే దశలో ఉండాలంటే వాటికి వెలుగు తప్ప వేరే ఆధారం ఉండకూడదు. కాబట్టి ఈ పనికి ఎసిటేట్ లేని లవణాల మీడియం తీసుకుని, గాలి బుడగలు పంపుతూ, 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర పెంచండి.

స్లైడ్ తయారీ: చుక్క ఎంత ఉండాలో లెక్కేసుకోండి

స్లైడ్ మీద చుక్క వేసి కవర్‌స్లిప్ పెట్టడం చిన్నప్పటి నుంచి చేస్తున్నదే, అందుకే దాని మీద ఎవరూ శ్రద్ధ పెట్టరు. ఇక్కడ మాత్రం పెట్టాలి. 22 మిల్లీమీటర్ల చదరపు కవర్‌స్లిప్ కింద 10 మైక్రోలీటర్ల నీరు వేస్తే ఆ నీటి పొర మందం సుమారు 20 మైక్రాన్లు వస్తుంది. 10 మైక్రాన్ల కణానికి అందులో హాయిగా చోటుంటుంది. అదే 5 మైక్రోలీటర్లు వేస్తే పొర 10 మైక్రాన్లకు దిగుతుంది, పెద్ద కణాలు నలిగి చపాతీలా చదునవుతాయి, గిన్నె కాస్తా వెడల్పాటి బిళ్లలా కనబడుతుంది. నీరు ఆరిపోతున్నకొద్దీ కూడా ఇదే జరుగుతుంది. కాబట్టి కవర్‌స్లిప్ అంచుల చుట్టూ వాజిలిన్ పూసి మూసేయండి. పది నిమిషాలు దాటిన నీటి స్లైడ్‌ను నమ్మకండి.

కణాలు ఈదుతూ ఉంటే ఆకారం అందదు. దీనికి రెండు దారులు. ఒకటి, తక్కువ వేడికే కరిగే అగరోజ్‌ను సుమారు 1 శాతం కలిపి, గోరువెచ్చగా ఉన్నప్పుడు కల్చర్‌తో సమానంగా కలిపి స్లైడ్ మీద వేయడం. అది గట్టిపడగానే కణాలు ఉన్నచోటే ఉంటాయి, బతికే ఉంటాయి. రెండోది ల్యూగాల్ అయోడిన్ ద్రావణం ఒక చుక్క కలపడం. అప్పుడు కణాలు చనిపోతాయి, కశాభాలు స్పష్టంగా కనిపిస్తాయి, పైరినాయిడ్ చుట్టూ ఉన్న పిండి తొడుగు ముదురు రంగుకు మారుతుంది. పిండి ఎక్కడుందో చూడటానికి అయోడిన్ మంచిదే, కానీ హరితరేణువు అంచుల ఆకారాన్ని దాంతో నిర్ణయించకండి. ఆకారం ఎప్పుడూ బతికున్న కణంలోనే చూడాలి. చంపిన కణం కొంతైనా ముడుచుకుంటుంది.

మైక్రోస్కోప్‌లో 40 రెట్ల ఆబ్జెక్టివ్ సరిపోతుంది, 100 రెట్ల ఆయిల్ ఆబ్జెక్టివ్ ఉంటే ఇంకా మంచిది. పత్రహరితం నీలం, ఎరుపు వెలుగులను పీల్చుకుంటుంది. కాబట్టి దీపం మీద నీలం లేదా ఎరుపు ఫిల్టర్ పెడితే హరితరేణువు చుట్టుపక్కల కంటే నల్లగా తేలి కనిపిస్తుంది. రంగు కాగితంలాంటి ఆ చిన్న ఫిల్టర్ ఇచ్చే లాభం ఖరీదైన పరికరాలు కూడా కొన్నిసార్లు ఇవ్వవు. ఫ్లోరెసెన్స్ సదుపాయం ఉన్న మైక్రోస్కోప్ అందుబాటులో ఉంటే ఏ రంగూ వేయనక్కర్లేదు. నీలి కాంతి పడగానే పత్రహరితం 680 నానోమీటర్ల ప్రాంతంలో ఎర్రగా వెలుగుతుంది, హరితరేణువు మాత్రమే కనబడుతుంది. అయితే ఆ కాంతి తీవ్రంగా ఉంటుంది, ఎక్కువసేపు వేస్తే కణం దెబ్బతింటుంది. ఫొటో తీసేంతసేపే వేసి ఆపేయండి.

గిన్నెను ముందు అన్ని వైపుల నుంచీ తెలుసుకోండి

మార్పుల జోలికి వెళ్లకముందు ఒక పూట అంతా మారని గిన్నెను చూడటానికే కేటాయించండి. ఎక్కువమంది ఈ మెట్టు దాటేస్తారు, తర్వాత వాళ్ల నోట్సంతా అనుమానాలతో నిండిపోతుంది.

ఒక కదలని కణాన్ని పట్టుకోండి. ఫోకస్‌ను పైనుంచి కిందికి చాలా నెమ్మదిగా దింపుతూ, కనిపించిన ప్రతి మట్టానికీ ఒక చిన్న బొమ్మ గీయండి. కణం పక్కకు పడుకుని ఉంటే మధ్య మట్టంలో గిన్నె నిలువుకోత కనిపిస్తుంది. రెండు పక్కలా పచ్చటి గోడలు, వెనక దళసరి అడుగు, అడుగులో పైరినాయిడ్, ముందు కశాభాల వైపు తెరిచిన మూతి. మూతి లోపలి ఖాళీలో కేంద్రకం ఉంటుంది. ఫోకస్‌ను పైకి తీస్తే గోడ మాత్రమే తగిలి కణమంతా పచ్చగా నిండినట్టు కనిపిస్తుంది. కణం తలకిందులుగానో నిటారుగానో ఉంటే మధ్య మట్టంలో ఉంగరం, అడుగు మట్టంలో నిండు బిళ్ల. ఒకే కణం, ఒకే క్షణం, మూడు నాలుగు ఆకారాలు.

గిన్నె గోడ నున్నగా ఉంటుందని ఆశించకండి. అంచులు పాయలుపాయలుగా చీలి, అక్కడక్కడా కంతలతో ఉంటాయి. గోడలో ఒకచోట నారింజ రంగులో చిన్న కంటిచుక్క కనిపిస్తుంది. అది హరితరేణువులోని భాగమే. దిక్కు తెలుసుకోవడానికి దాన్ని గుర్తుగా వాడుకోండి. పైరినాయిడ్ వెనక, కశాభాలు ముందు, కంటిచుక్క పక్కన. ఈ మూడు గుర్తులూ దొరికితే కణం ఎటు తిరిగి ఉందో చెప్పేయొచ్చు. మీ నోట్సులో ప్రతి బొమ్మ పక్కనా కణం ఏ వైపు తిరిగి ఉందో రాసే అలవాటు ఇప్పుడే చేసుకోండి.

కనీసం 20 కణాలను ఇలా గీశాక మీ కన్ను కుదురుకుంటుంది. ఫొటోలు తీయండి, కానీ గీయడం మానకండి. చేత్తో గీస్తున్నప్పుడే, ఈ గీత ఇక్కడ ఎందుకు ఆగింది అన్న ప్రశ్న వస్తుంది.

వెలుగు, చీకటి: కణాలన్నిటినీ ఒకే గడియారానికి కట్టడం

కల్చర్‌ను 12 గంటలు వెలుగులో, 12 గంటలు చీకట్లో ఉంచే టైమర్ పెట్టండి. రెండు మూడు రోజులకు కణాలు ఆ లయకు అలవాటుపడతాయి. వెలుగులో పెరుగుతాయి, చీకటి మొదలైన కొన్ని గంటల్లో విభజన చెందుతాయి. అంటే అసలు చూడాల్సిన నాటకం చీకట్లో జరుగుతుంది. అర్ధరాత్రి మేలుకునే టెన్షన్ పెట్టుకోవద్దు. టైమర్‌ను తిప్పి పెట్టండి. రాత్రి 10 గంటలకు దీపం వెలిగి, ఉదయం 10 గంటలకు ఆరేలా పెడితే, మీరు పనిచేసే పగలే కణాలకు రాత్రి అవుతుంది. కల్చర్‌ను వెలుగు చొరబడని పెట్టెలో ఉంచితే చాలు.

వెలుగు దశలో రెండు గంటలకోసారి, దీపం ఆరాక అరగంటకోసారి నమూనా తీయండి. మొదటి రోజు వెలుగు దశలోవి రెండు మూడు నమూనాలు తప్పిపోయినా ఫరవాలేదు, దీపం ఆరాక వచ్చే మొదటి ఐదారు గంటలు మాత్రం వదలొద్దు. చీకట్లో ఉన్న సీసా తెరిచినప్పుడు గదిలో వెలుగు బాగా తగ్గించండి. తీసిన నమూనాను మళ్లీ సీసాలో పోయకండి.

వెలుగు దశ మొదట్లో కణాలు చిన్నవి, గిన్నె చిన్నది. గంటలు గడిచేకొద్దీ కణమూ గిన్నే కలిసి పెరుగుతాయి. ఇక్కడ మీరు చూసేది ఎక్కువగా పరిమాణంలో మార్పే. అలాగని ఈ దశను తేలిగ్గా తీసుకోవద్దు. అయోడిన్ వేసి చూస్తే హరితరేణువులో పిండి రోజంతా పేరుకుంటూ ఉంటుంది, ఆ పిండి గింజలు గోడను అక్కడక్కడా ఉబ్బేలా చేస్తాయి. కార్బన్ డయాక్సైడ్ సరఫరా కూడా తేడా తెస్తుంది. మామూలు గాలిలో పెరిగిన కణాల్లో పైరినాయిడ్ చుట్టూ పిండి తొడుగు దళసరిగా ఉంటుంది, కార్బన్ డయాక్సైడ్ బాగా కలిపిన గాలిలో పెరిగినవాటిలో ఆ తొడుగు సరిగా ఏర్పడదు. కాబట్టి రెండు కల్చర్ల పైరినాయిడ్లను పోల్చేటప్పుడు రెంటికీ ఒకే గాలి అందిందా అని చూసుకోండి.

గిన్నె చీలే వేళ

దీపం ఆరాక మొదటి సంకేతం హరితరేణువులో ఉండదు, కశాభాల్లో ఉంటుంది. కణం కశాభాలను లోపలికి తీసేసుకుని ఈత ఆపేస్తుంది. స్లైడ్‌లో కదలని పెద్ద కణాలు ఎక్కువయ్యాయంటే సమయం దగ్గరపడిందని అర్థం. అప్పటినుంచి ఒకే కణం మీద కూర్చోండి. అగరోజ్ స్లైడ్ దీనికే పనికొస్తుంది.

గిన్నెలో ఒక నొక్కు మొదలై లోతవుతుంది. సైటోప్లాజమ్ పూర్తిగా విడిపోకముందే హరితరేణువు చీలిక మొదలవుతుంది. నొక్కు సాధారణంగా పైరినాయిడ్ గుండా వెళ్లి దాన్ని కూడా రెండు ముక్కలు చేస్తుంది. ఒక్కోసారి ఒక పిల్ల కణానికి పైరినాయిడ్ అసలు రాదు. అలాంటిది కనబడితే మీరు తప్పు చూశారనుకోకండి. పైరినాయిడ్ గట్టి ముద్ద కాదని, ద్రవ బిందువులా ప్రవర్తిస్తుందని 2017లో వెలువడిన పరిశోధన చూపించింది. విభజన వేళ దాని పదార్థంలో కొంత హరితరేణువులోకి కరిగి, తర్వాత మళ్లీ చిన్న బిందువులుగా చేరుతుంది. అందుకే ఈ వేళలో పైరినాయిడ్ మసకబారినట్టు, అంచులు పోయినట్టు అనిపిస్తుంది. మీ ఫోకస్ తప్పిందేమో అని ఒకసారి కణపు గోడను చూసుకోండి. గోడ పదునుగా ఉండి పైరినాయిడ్ ఒక్కటే మసకగా ఉంటే ఆ మసక నిజమైనదే.

చీలిక ఒక్కసారితో ఆగకపోవచ్చు. కణం పగలంతా ఎంత పెరిగింది అన్నదాన్ని బట్టి ఒకటి, రెండు, మూడు విడతలుగా చీలి, తల్లి గోడ లోపలే రెండు, నాలుగు, ఎనిమిది పిల్లలు తయారవుతాయి. ఈ దశలో పిల్లలు ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటాయి, కాబట్టి హరితరేణువుల లెక్క ఒకే మట్టంలో చేయకండి. పైనుంచి కిందికి ఫోకస్ దింపుతూ లెక్కపెట్టండి. చివరకు పిల్లలు ఒక ఎంజైమ్ విడుదల చేసి తల్లి గోడను కరిగించుకుని బయటికి ఈదుకుంటూ వస్తాయి. ప్రతిదాంట్లో ఒక చిన్న గిన్నె.

అసలు హరితరేణువును నొక్కేది ఎవరు? లోపలి వైపు ఎఫ్‌టీఎస్‌జెడ్ అనే ప్రోటీన్ ఉంగరంలా అమరుతుంది. బ్యాక్టీరియాలు తమను తాము రెండుగా కోసుకోవడానికి వాడేది ఈ ప్రోటీన్‌నే. హరితరేణువుల పూర్వీకులు సయనోబ్యాక్టీరియాలు కాబట్టి ఆ పనిముట్టు వాటితోపాటే వచ్చింది. బయటి వైపు డైనమిన్ అనే ప్రోటీన్ ఉంగరం బిగుస్తుంది. ఇది ఆతిథ్య కణం సమకూర్చినది. ఇద్దరూ కలిసి ఒక పని చేస్తున్నారన్నమాట. ఆ ఉంగరాలు బాగా అర్థమైంది సయనిడియోషైజాన్ మెరోలే అనే ఎర్ర శైవలంలో. వేడి, ఆమ్లం ఉన్న ఊటల్లో బతికే ఆ కణం 2 మైక్రాన్లే ఉంటుంది. ఒకే హరితరేణువు, ఒకే మైటోకాండ్రియా. గుండ్రటి హరితరేణువు సాగి, నడుము సన్నబడి, డంబెల్ ఆకారానికి వచ్చి తెగుతుంది. ఆ ఉంగరాలు మీ మైక్రోస్కోప్‌లో కనబడవు. కనబడేది వాటి పని ఫలితమైన నొక్కు.

లెక్క రాసుకోవడం

ఒక్కో నమూనాలో కనీసం 50 కణాలు చూడండి. నచ్చిన కణాన్ని ఎంచుకోకుండా, స్లైడ్‌ను ఒక వరుసలో జరుపుతూ ఎదురైన ప్రతి కణాన్నీ రాయండి. ఒక్కోదానికి పొడవు, గిన్నె అడుగు మందం, పైరినాయిడ్ల సంఖ్య, చీలిక ఉందా లేదా, కణం ఏ వైపు తిరిగింది అన్న ఐదు సంగతులు చాలు. పొడవు కొలిచే ముందు కంటికటకంలోని స్కేలును స్టేజ్ మైక్రోమీటర్‌తో సరిచూసుకోండి. ఆబ్జెక్టివ్ మార్చిన ప్రతిసారీ ఆ విలువ మారుతుంది.

కణం ఏ వైపు ఉందో తేలనివాటిని ‘తేలలేదు’ అన్న గడిలో వేయండి. ఆ గడిని ఖాళీగా ఉంచాలన్న పట్టుదల వద్దు. వీలైతే ఏ ఫొటో ఏ గంటదో ఇంకొకరితో కప్పించి, తెలియకుండా లెక్కపెట్టండి. ఇది చీకటి పడ్డాక తీసినది అని ముందే తెలిస్తే లేని నొక్కు కూడా కంటికి కనబడుతుంది.

చీకట్లో కరిగిపోయే హరితరేణువు: యూగ్లీనా

క్లామిడోమోనాస్‌ను ఎన్నాళ్లు చీకట్లో పెంచినా మామూలు రకాలు పచ్చగానే ఉంటాయి. వెలుగు లేకుండా పత్రహరితం తయారుచేసే దారి వాటికి ఉంది. హరితరేణువు పూర్తిగా మూలదశకు వెళ్లి తిరిగి రావడం చూడాలంటే యూగ్లీనా గ్రాసిలిస్ అనే మరో ఏకకణ జీవి కావాలి. దానికి ఆ దారి లేదు.

సేంద్రియ ఆహారం ఉన్న మీడియంలో, రేకు కాగితం చుట్టిన సీసాలో, ఎప్పటికప్పుడు కొత్త మీడియంలోకి మారుస్తూ చీకట్లో పెంచండి. తరాలు గడిచేకొద్దీ కణాలు తెల్లబడతాయి. హరితరేణువులు పోలేదు. కుంచించుకుని ఒక మైక్రాన్ స్థాయి ప్రోప్లాస్టిడ్‌లుగా, అంటే హరితరేణువు మూలరూపాలుగా, మిగిలాయి. ఫ్లోరెసెన్స్‌లో దాదాపు చీకటిగా ఉంటుంది. ఇప్పుడు సీసాను వెలుగులో పెట్టి 0, 6, 12, 24, 48, 72 గంటలకు చూడండి. చిన్న చుక్కలు సాగి, పళ్లెంలా విచ్చుకుని, సుమారు 72 గంటలకు నిండు హరితరేణువులు అవుతాయి. ఈ ప్రయోగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది 12 నుంచి 24 గంటల మధ్య సమయం. తెల్లటి కణంలో పలచటి పచ్చ మచ్చలు మెల్లగా అంచులు దిద్దుకుంటాయి.

పక్కనే స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్‌తో పెంచిన ఒక సీసా కూడా పెట్టండి. అవీ తెల్లబడతాయి, కానీ వాటి వారసులు వెలుగులో పెట్టినా తిరిగి పచ్చబడవు. పైకి రెండూ తెల్లగానే ఉంటాయి. ఒకదాంట్లో హరితరేణువు నిద్రలో ఉంది, రెండోదాంట్లో తిరిగి లేచే శక్తి పోయింది. ఆ తేడా వెలుగు పరీక్షతోనే తెలుస్తుంది.

యూగ్లీనా ఒళ్లు విరుచుకున్నట్టు సాగి ముడుచుకుంటూ ఉంటుంది, లోపలి హరితరేణువులు ఆ కదలికకు ఒరుగుతాయి. కణం నిశ్చలంగా ఉన్నప్పుడు మాత్రమే ఆకారం రాయండి.

క్లోస్టీరియం అనే శైవలం దొరికితే అదీ చూడండి. నెలవంకలాంటి కణం, రెండు చివర్లలో వణుకుతూ ఉండే చిన్న స్ఫటికాలు. రెండు సగాల్లో రెండు హరితరేణువులు, నడుమ కేంద్రకం. కణం మధ్యకు విడిపోయాక ఒక్కో పిల్లకు ఒక్కో హరితరేణువే వస్తుంది. కొత్త సగం పెరిగాక ఆ ఒక్కటీ రెండవుతుంది, ఆ ఖాళీలోకి కేంద్రకం జరుగుతుంది. పెద్ద కణం కాబట్టి తక్కువ రెట్లలోనే కనబడుతుంది. పిల్లలకు చూపించడానికి ఇంతకంటే మంచిది లేదు.

ఎర్రబడే శైవలాల విషయంలో మాత్రం జాగ్రత్త. హెమటోకాకస్ కష్టకాలంలో గోడ మందం చేసుకుని ఎర్రటి తిత్తిగా మారుతుంది. ఆ ఎరుపు ఆస్టాక్సాంథిన్ అనే రంగు పదార్థం, ఉండేది హరితరేణువు బయట, నూనె బిందువుల్లో. లోపల హరితరేణువు చిన్నదవుతుంది, ఎరుపు దాన్ని కప్పేస్తుంది. డ్యునాలియెల్లా సాలైనాలో నారింజ రంగు బీటా కెరోటిన్ హరితరేణువు లోపలే పేరుకుంటుంది. రంగు చూసి ఇదే హరితరేణువు అంచు అని గీయకండి. ఈ రెంటిలో ఒకదానికి అది సరిపోతుంది, ఇంకోదానికి పూర్తిగా తప్పు.

రెండు గిన్నెలు ఒకటయ్యే వేళ

ఇక సీసీ-125, సీసీ-124 సీసాల దగ్గరికి రండి. రెండింటినీ విడివిడిగా నత్రజని లేని మీడియంలోకి మార్చి, రాత్రంతా వెలుగులోనే ఉంచండి. కణాలు సంయోగ బీజాలుగా మారతాయి. గిన్నె పాలిపోతుంది, పిండి గింజలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. కలపకముందే రెంటినీ గీసి పెట్టుకోండి, తర్వాత పోల్చడానికి ఇవే ఆధారం.

రెంటినీ సమానంగా కలపండి. నిమిషాల్లో కశాభాలతో అతుక్కుని గుంపులు కడతాయి. గంట దాటేసరికి నాలుగు కశాభాలున్న కణాలు కనబడతాయి. అవే జతకట్టినవి. వాటిలో రెండు గిన్నెలు, రెండు పైరినాయిడ్లు పక్కపక్కనే కనిపిస్తాయి. విభజనలో సగం చీలిన కణం కూడా దాదాపు ఇలాగే ఉంటుంది, కానీ దానికి కశాభాలుండవు. నాలుగు కశాభాలు కనబడితే అది చీలిక కాదు, కలయిక. అయోడిన్ చుక్క ఇక్కడ మళ్లీ పనికొస్తుంది.

ఈ కొద్ది గంటల్లో కంటికి కనబడని పెద్ద పని ఒకటి జరిగిపోతుంది. మైనస్ రకం నుంచి వచ్చిన హరితరేణువులోని డీఎన్ఏ ఒకటి రెండు గంటల్లోనే నాశనమవుతుంది. డీఎన్ఏకు అంటే ఫ్లోరెసెంట్ రంగు వేసి చూస్తే ఒక గిన్నెలో చుక్కలు ఉంటాయి, రెండోదాంట్లో మాయమవుతాయి. త్సునెయోషి కురోయివా బృందం దీన్ని 1982లో చూపించింది. హరితరేణువు లక్షణాలు ప్లస్ వైపు నుంచే ఎందుకు సంక్రమిస్తాయన్న ప్రశ్నను అంతకు చాలా ముందే, 1954లో, రూత్ సేజర్ స్ట్రెప్టోమైసిన్ నిరోధకత మీద చేసిన పనితో లేవనెత్తారు. చుక్కలు పోయిన కొన్ని గంటలకు రెండు గిన్నెలూ అతుక్కుని ఒకే హరితరేణువవుతాయి. పొరలు రెండు వైపుల నుంచీ వచ్చినా వారసత్వం మాత్రం ఒక్క వైపుదే.

కలిపిన గంట తర్వాత వాటిని గట్టి అగర్ పళ్లెం మీద పరిచి ఒక రోజు వెలుగులో ఉంచి, తర్వాత రేకు కాగితం చుట్టి కనీసం ఐదు రోజులు చీకట్లో పెట్టండి. సంయుక్త బీజాలు, అంటే జతకట్టి ఒకటైన కణాలు, మందపాటి గోడ కట్టుకుంటాయి. లోపల హరితరేణువు ఆకారం గుర్తుపట్టడం ఇక కష్టం. నిల్వ నూనె, పిండి మధ్య అది ముడుచుకుని ఉంటుంది. ఇక్కడ బలవంతంగా గీతలు గీయకండి, ‘తేలలేదు’ గడి ఇలాంటి వాటికే. జతకట్టకుండా మిగిలిన మామూలు కణాలను వదిలించుకోవడానికి పళ్లెంను ఫ్రీజర్‌లో పెట్టడం ఒక పద్ధతి. మామూలు కణాలు చచ్చిపోతాయి, గోడ కట్టుకున్న బీజాలు తట్టుకుంటాయి.

తర్వాత వాటిని నత్రజని ఉన్న తాజా అగర్ మీదికి మార్చి వెలుగులో పెట్టండి. సుమారు ఒక రోజుకు గోడ పగులుతుంది. ఆ సమయానికి అటూఇటూ గంటకోసారి చూస్తూ ఉండండి. క్షయకరణ విభజన పూర్తయి సాధారణంగా నాలుగు కణాలు బయటికొస్తాయి. పగిలిన గోడ ఇంకా పక్కనే ఉండగా ఆ నాలుగింటి మీదా ఫోకస్‌ను ఒక్కొక్క మట్టం దింపుతూ వెళ్లండి. ఒకదాంట్లో ఉంగరం, ఒకదాంట్లో నిండు బిళ్ల, ఒకదాంట్లో పక్కకు ఒరిగిన గిన్నె కనిపించవచ్చు. ఏది ఎటు తిరిగి ఉందో రాసుకోండి. ఇప్పుడు మీకు తెలుసు, నాలుగింటిలోనూ ఉన్నది అదే గిన్నె.